టీఎస్‌హెచ్ నార్మల్ వస్తే థైరాయిడ్ గడ్డను వదిలేయవచ్చా?

ప్రశ్న:
మా అమ్మగారికి 58 ఏళ్ళు. మెడనొప్పికి తీయించిన స్కానింగులో థైరాయిడ్ కుడివైపున 1.8 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. రిపోర్టులో గట్టి గడ్డ, హైపోఎకోయిక్ (స్కాన్‌లో చుట్టూ ఉన్న భాగం కంటే నల్లగా కనిపించేది), టీఆర్ 4 (గడ్డను ఎంత అనుమానించాలో చెప్పే స్థాయి) అని రాశారు. మా ఊరి డాక్టరుగారు రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) 2.4, అంటే నార్మల్‌గా ఉంది కాబట్టి భయం లేదని, గడ్డ కరగడానికని థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్రలు రాసి, ఆరు నెలల తరువాత రమ్మన్నారు. పరీక్ష కోసం సూది గుచ్చితే గడ్డ పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఇంతటితో ఊరుకోవచ్చా?

జవాబు 1:
ఊరుకోవద్దండి. టీఎస్‌హెచ్ గ్రంథి పనితీరును చెబుతుందే తప్ప గడ్డ ఎలాంటిదో చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారిలో ఎక్కువమందికి ఆ అంకె మామూలుగానే ఉంటుంది. అది తక్కువగా వచ్చినప్పుడు మాత్రం న్యూక్లియర్ స్కాన్ చేస్తారు. గడ్డే హార్మోను తయారు చేస్తున్నదని తేలితే సాధారణంగా సూది పరీక్ష అవసరం పడదు. మీ అమ్మగారి విషయంలో దారి చూపేది అల్ట్రాసౌండే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ఇచ్చిన పద్ధతి ప్రకారం టీఆర్ 3 గడ్డ 2.5 సెంటీమీటర్లు, టీఆర్ 4 గడ్డ 1.5, టీఆర్ 5 గడ్డ 1 సెంటీమీటరు, లేదా అంతకు మించి ఉంటే ఎఫ్ఎన్ఏసీ (సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే పరీక్ష) చేయించమంటారు. ఆ లెక్కన మీది చేయించవలసిన గడ్డే. గడ్డల్లో అధిక శాతం హానిలేనివే కాబట్టి కంగారు అక్కరలేదు, కానీ ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల వైద్య నిపుణుడికి) చూపించండి. టీఎస్‌హెచ్ సరిగా ఉన్నవారికి గడ్డ కరగడానికని మాత్రలివ్వడాన్ని నేటి మార్గదర్శకాలు సమర్థించవు. ఆపాలో వద్దో కూడా ఆయననే అడగండి.

జవాబు 2:
నాకు మొదటిసారి చేత్తో తడిమి సూది గుచ్చారు. రిపోర్టులో బెథెస్డా (సూది పరీక్ష ఫలితానికి ఇచ్చే వర్గం సంఖ్య) 1 అని వస్తే, ఒకటో నంబరు కదా, మంచిదే అనుకుని ఏడాదిపాటు ఊరుకున్నాను. నిజానికి దాని అర్థం చాలినన్ని కణాలు రాలేదని మాత్రమే. రెండోసారి స్కాన్‌లో చూస్తూ చేశారు. హానికరం కానిదని, అంటే 2 అని వచ్చింది. కనుక స్కాన్‌లో చూస్తూ చేసేచోటే చేయించండి. ఆ సూది రక్తం తీసే సూదికంటే సన్నగా ఉంటుంది. దానివల్ల గడ్డ పాకడం అత్యంత అరుదని మా డాక్టరుగారు చెప్పారు.

జవాబు 3:
మెడలోని లింఫు గ్రంథులను కూడా చూశారో లేదో రిపోర్టులో గమనించండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, చిన్నతనంలో అమ్మగారి మెడకు రేడియేషన్ ఇచ్చారా అన్నవీ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మ జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వాడుతున్నారు. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు 1:
వస్తుంది. కొన్ని ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కనీసం రెండు రోజులు ఆపి మళ్ళీ రక్తం ఇప్పించండి. దానికోసం ఎఫ్ఎన్ఏసీని మాత్రం వాయిదా వేయకండి.