కొరియా–జపాన్ బేస్‌బాల్: పదేళ్లుగా గెలవనివాళ్లది ఇంకా పోటీయేనా?

సువాన్ శ్రీను

2025 నవంబరు 16 రాత్రి టోక్యో డోమ్‌లో కొరియా–జపాన్ మ్యాచ్ మీలో ఎంతమంది చూశారు? చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్ (మూడో ఔట్‌తో ముగిసిపోతుంది), స్కోరు 7-6, జపాన్ ముందుంది. కొరియా ఆటగాడు కిమ్ జువొన్ బంతిని స్టాండ్స్‌లోకి పంపి హోమ్ రన్ కొట్టాడు. 7-7. అక్కడితో ఆట అయిపోయింది, డ్రా. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లో పైనా కిందా ఒకేసారి కేకలు. కప్పు కాదు, ఏమీ కాదు, ఉత్త సన్నాహక మ్యాచ్. అయినా అర్ధరాత్రి దాకా నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "కొరియా జపాన్‌ల మధ్య ఇంకేం పోటీ, డ్రాకి పండగ చేసుకుంటున్నారంటేనే తెలుస్తోంది" అని రాశారు. నేను 11 ఏళ్లుగా దక్షిణ కొరియాలో, సువాన్‌లో ఉంటున్నా. మా ఊరి జట్టు కేటీ విజ్. ఆ రెండు రోజులూ హోమ్ రన్ కొట్టిన ఆన్ హ్యొన్‌మిన్ మావాడే. పోటీ చచ్చిపోయిందంటే నేను ఒప్పుకోను. మీరేమంటారు?

నిషికసాయి రవి

శ్రీను గారూ, నేనుండేది టోక్యోలో. ఆ వాట్సాప్ మాట నాది కాదు గానీ, అన్నాయన్ని తప్పు పట్టలేను. లెక్క చూడండి. 2015 నవంబరు 19న ప్రీమియర్ 12 అనే దేశాల టోర్నీ సెమీఫైనల్లో కొరియా 4-3తో గెలిచింది. ఆ తరవాత ప్రొఫెషనల్ ఆటగాళ్లు దిగిన మ్యాచ్‌ల్లో కొరియాకి 10 ఓటములు, మొన్నటిది డ్రా. 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో (బేస్‌బాల్‌కి ప్రపంచ కప్పు లాంటిది) జపాన్ పిచర్ దార్విష్ మీద 3-0తో ముందుకెళ్లి 13-4తో ఓడారు. మొన్న 15న కూడా అంతే, 3-0తో మొదలుపెట్టి 11-4. బేస్‌లు నిండి ఉన్నప్పుడు వాక్‌లిచ్చి (నాలుగు బంతులు పక్కకి వేస్తే బ్యాటర్‌కి ఉచితంగా ఫస్ట్ బేస్ దక్కుతుంది, అదే వాక్) పరుగులు చేతిలో పెట్టే పిచర్లతో, అంటే బంతి వేసేవాళ్లతో, పోటీ ఏమిటండీ?

ఏషియన్ గేమ్స్‌లో గెలిచారు, నిజమే. కానీ అక్కడికి జపాన్ పంపేది కంపెనీల్లో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లని.

లక్ష్మి_గుంటూరు

సెప్టెంబరులో ఆసియా కప్పప్పుడు సూర్యకుమార్ కూడా ఇదే కదా అన్నాడు, పాకిస్తాన్‌తో పోటీ అన్న మాటే ఇక అడగొద్దని.

సువాన్ శ్రీను

రవి గారూ, పదేళ్ల లెక్క మీరు చెప్పారు. దాని ముందు లెక్క నేను చెబుతా. 2006, 2009 క్లాసిక్‌లు రెండూ కలిపి ఈ రెండు జట్లు 8 సార్లు తలపడ్డాయి. చెరి నాలుగు గెలిచాయి. కప్పులు మాత్రం రెండూ జపాన్‌కే వెళ్లాయి.

2006 సంగతి ఇంకా అన్యాయం. కొరియా వరసగా ఆరు గెలిచింది, అందులో రెండు జపాన్ మీదే: టోక్యోలో 3-2, అనహైమ్‌లో 2-1. ఆ రెండోది పోయాక జపాన్ దాదాపు ఇంటికి వెళ్లాల్సిందే. అమెరికాని మెక్సికో 2-1తో ఓడించబట్టి, ఇచ్చిన పరుగుల లెక్కలో బయటపడింది. సెమీస్‌లో ఎవరొచ్చారు? మళ్లీ జపానే. ఒకే గ్రూపులో మొదటి రెండు జట్లని సెమీస్‌లో కూడా కలిపే పద్ధతి పెట్టారు ఆ ఏడాది. మూడోసారి 6-0తో ఓడింది కొరియా. ఆ టోర్నీలో ఓడింది ఆ ఒక్క మ్యాచే! అప్పటికే మూడు మ్యాచ్‌లు ఓడిన జపాన్ ఛాంపియన్.

జపాన్ ప్రొఫెషనల్ లీగు 1936లో మొదలైంది. కొరియాది 1982. హైస్కూలు జట్లు అక్కడ వేలల్లో, ఇక్కడ వందకి అటూ ఇటూ. ఇంత తేడా ఉన్నా బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండుసార్లు ఓడించి బంగారం తెచ్చుకున్నారు. దాన్ని పోటీ అనకపోతే ఏమంటారు?

డాలస్ మూర్తి

మీరిద్దరూ అసలు మ్యాచ్ వదిలేశారు. 2009 మార్చి 23, డాడ్జర్ స్టేడియం, క్లాసిక్ ఫైనల్. నేను అక్కడ ఉన్నాను. అప్పుడు లాస్ ఏంజెలెస్ దగ్గర చదువుకుంటున్నా, పార్ట్‌టైమ్ డబ్బులు దాచి టికెట్ కొన్నా. కొరియా వాళ్లు బుడగల్లాంటి గొట్టాలు కొడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో దార్విష్ మీద కొరియా బ్యాటర్ లీ బొంహో కొట్టి 3-3 చేశాడు. పదో ఇన్నింగ్స్. ఇద్దరు ఔట్, జపాన్ స్టార్ బ్యాటర్ ఇచిరో వచ్చాడు. ఫస్ట్ బేస్ మీదున్న ఇవమురా సెకండ్‌కి వెళ్లిపోయాడు. అంటే ఫస్ట్ బేస్ ఖాళీ! వాక్ ఇచ్చేస్తే సరిపోయేది. కొరియా పిచర్ ఇమ్ చాంగ్‌యొంగ్ బంతి వేశాడు. ఎనిమిదో బంతి, నడిమికి, రెండు పరుగులు. 5-3.

ఎందుకు వేశాడు? నాకు ఎవరైనా చెప్పండి.

పద్మజ_అనువాదం

కొరియా మేనేజర్ కిమ్ ఇన్‌సిక్, ఇచిరోకి మంచి బంతి వేయొద్దని సైగ పంపానని తరవాత చెప్పారు. అది పిచర్ దాకా సరిగా చేరలేదు.

డాలస్ మూర్తి

సరిగా చేరకపోవడం ఏమిటి? కాచర్‌ని (బ్యాటర్ వెనక బంతి పట్టేవాణ్ని) నిలబెట్టి నాలుగు బంతులు పక్కకి వేయిస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఒక్క వాక్ ఇచ్చి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

రాజేష్_పుణె

కొరియా ఆటగాళ్లు అక్కడి తప్పనిసరి సైనిక సేవ తప్పించుకోవడానికి ఆడతారు, అంతే. ఆ మినహాయింపు దక్కదంటే ఆట ఉండదు.

సువాన్ శ్రీను

రాజేష్ గారూ, తెలుసుకుని రాయండి. ఒలింపిక్ పతకానికో ఏషియన్ గేమ్స్ బంగారానికో మినహాయింపు ఉంది. 2006లో సెమీస్ చేరినందుకు ప్రత్యేకంగా ఇచ్చారు, తరవాత ఆ వెసులుబాటు తీసేశారు. 2009 జట్టుకి ఏమీ దక్కదని ముందే తెలుసు. అయినా పదో ఇన్నింగ్స్ దాకా కొట్లాడారు. మా టీమ్‌లో 21 ఏళ్లకే సైన్యానికి వెళ్లి 18 నెలలు చేసొచ్చిన కుర్రాడున్నాడు. మీ మాట అతనికి వినిపిస్తే ఏమనుకుంటాడో నాకు తెలుసు.

నిషికసాయి రవి

బీజింగ్ గొప్పదే, నేను కాదనను. ఆ టోర్నీ అంతా బ్యాట్ పలకని కొరియా బ్యాటర్ లీ సుంగ్‌యోప్, సెమీస్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 2-2 దగ్గర జపాన్ పిచర్ ఇవాసె బంతిని స్టాండ్స్‌లోకి పంపి, ఆట అయ్యాక ఏడ్చాడు. నేనూ చూశాను. 2015 సెమీస్‌లో జపాన్ పిచర్ ఒతానీ ఏడు ఇన్నింగ్స్‌లు వేసి ఒక్క హిట్టే ఇచ్చి 11 మందిని స్ట్రైకౌట్ చేస్తే, 85 బంతులకే అతన్ని దింపేసిన జపాన్ మేనేజర్ని ఆఫీసులో నాలుగు రోజులు తిట్టుకున్నాం. ఆ రోజుల్లో పోటీ ఉంది, ఒప్పుకుంటా.

నా అభ్యంతరం వేరే. పోటీ తగ్గిపోయిందంటే కొరియా అభిమానులకి కోపం ఎందుకొస్తుంది? ఆట తగ్గింది, కక్ష తగ్గలేదు. 2006లో అనహైమ్‌లో గెలిచి పిచర్ నిలబడే దిబ్బ మీద జెండా గుచ్చారు. 2009లో శాన్ డియేగోలో మళ్లీ గుచ్చారు. అది ఆటా?

సువాన్ శ్రీను

ముందు రెచ్చగొట్టింది ఎవరు? ఇంకో 30 ఏళ్లు కొరియా మా జోలికి రాకూడదనిపించేలా గెలుస్తామని ఇచిరో అన్నాడా లేదా?

పద్మజ_అనువాదం

ఆ మాట జపనీస్‌లో నేను చదివాను. ఎదురుపడినవాళ్లు ఇంకో 30 ఏళ్లు జపాన్ మీద చెయ్యి వేయలేం అనుకునేలా గెలవాలి అని దాని భావం. కొరియా పేరు అందులో లేదు. సియోల్ పత్రికల్లోకి వచ్చేసరికి కొరియా చేరింది. అయితే మొదటి రౌండు కొరియా, తైవాన్, చైనాలతోనే కాబట్టి తమనే అన్నాడని కొరియన్లు అనుకోవడంలో తప్పు కూడా లేదు. ఇద్దరూ 19 ఏళ్లుగా అదే వాక్యం పట్టుకుని కొట్టుకుంటున్నారు.

సువాన్ శ్రీను

పేరు లేకపోతే ఏం, అర్థం అదే. రవి గారూ, మీకు జీతమిచ్చే దేశం కాబట్టి మీకు అలా కనిపిస్తుంది. జెండా గుచ్చితే నేల నొచ్చుకుందా? కొరియాని 35 ఏళ్లు ఏలినవాళ్ల మీద గెలిచి జెండా పాతితే మీకు కక్షలా ఉందా?

నిషికసాయి రవి

జీతం మాట తీశారు, సరే. అయితే ఇది కూడా వినండి.

మా అబ్బాయి ఇక్కడ ఎదొగావా నది గట్టు మీద పిల్లల బేస్‌బాల్ జట్టులో ఆడతాడు. తల్లిదండ్రులకి వంతులుంటాయి, బార్లీ టీ పెద్ద డబ్బాలో కాచి, ఐసు వేసి, శనాదివారాలు గ్రౌండుకి మోసుకెళ్లాలి. ఆ వంతుల్లో నాకు జతగా పడిన ఆయన కొడుకు మా జట్టు కాచర్. రెండేళ్ల తరవాత గాని నాకు తెలియలేదు, వాళ్లది కొరియన్ కుటుంబమని. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు. బడిలో, జట్టులో జపనీస్ పేరే. 2023 మార్చిలో 13-4 మ్యాచ్ మర్నాడు ప్రాక్టీసులో పిల్లలు కొరియాని వెక్కిరిస్తూ ఒక మాట అన్నారు, ఇక్కడ రాయను. ఆ అబ్బాయి కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. వాళ్ల నాన్న డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయారు. బిగిసిన మూతనే మళ్లీ మళ్లీ తిప్పారు.

2024 ఆగస్టు 23న కోషియెన్ ఫైనల్. హైస్కూలు పిల్లల ఆట, జపాన్ అంతా చూస్తుంది. కొరియన్లు స్థాపించిన క్యోతో ఇంటర్నేషనల్ స్కూలు పది ఇన్నింగ్స్‌లాడి 2-1తో గెలిచింది. గెలిచిన బడి పాట పాడాలి, అది ఆచారం. ఆ బడి పాట కొరియన్‌లో ఉంది. సెలవుల ప్రాక్టీసు మధ్యలో బెంచీ మీద ఆయన ఫోనులో చూస్తున్నారు. పాట మొదలవగానే నేను సంబరంగా ఆయన వైపు తిరిగాను. ఆయన సౌండు తగ్గించేశారు. చుట్టూ ఒకసారి చూసి, మొత్తం తీసేశారు. పెదాలు మాత్రం కదిలాయి.

మీరు డోమ్‌లో వేడి కావాలంటారు. ఆ వేడి వెళ్లి పడేది ఎవరి మీదో నేను చూశాను. అందుకే పోటీ చచ్చిపోయిందంటే నాకు బాధ లేదు, చావనీ అనిపిస్తుంది.

లక్ష్మి_గుంటూరు

ఇది ముందే రాయాల్సిందండీ.

నిర్వాహకులు

జీతాలు, ఉంటున్న దేశాల ప్రస్తావన ఆపండి. చర్చ కొనసాగించవచ్చు.

సువాన్ శ్రీను

జీతం మాట వెనక్కి తీసుకుంటున్నా రవి గారూ. తప్పు నాదే.

కానీ మిగతాది ఒప్పుకోలేను. మా ఇంటి ఓనరు వాళ్ల అమ్మ మా కింది అంతస్తులో ఉంటారు. 1932లో పుట్టారు. ఎలిమెంటరీ బడిలో ఆవిడ పేరు తీసేసి జపనీస్ పేరు పెట్టారు. 1940లో అమల్లోకి వచ్చిన చట్టం అది. సొంత పేరుతో పిలిస్తే పలికిన పిల్లలకి దెబ్బలు పడేవట. ఇప్పటికీ ఆ జపనీస్ పేరు ఆవిడకి గుర్తుంది, నాకొకసారి చెప్పారు, చెప్పి నోరు తుడుచుకున్నారు. ఆవిడకి బేస్‌బాల్ రాదు. స్ట్రైక్ ఏదో బాల్ ఏదో తెలీదు. జపాన్‌తో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి ఒకటే అడుగుతారు, గెలిచామా అని.

మీ స్నేహితుడు పాట సౌండు ఆపుకోవడానికి కారణం మ్యాచా? ఆయన పేరు దాచుకోవడం 2006లో మొదలవలేదు, జెండా గుచ్చినందుకూ మొదలవలేదు. మా కింది అంతస్తు అమ్మమ్మగారి పేరు మార్చిన రోజున మొదలైంది. మీరు మ్యాచ్ చావాలంటున్నారు. నేను ఆయన సౌండు పెంచుకునే రోజు రావాలంటున్నా. ఓడినవాణ్ని కోపం తగ్గించుకో అనడం తేలిక.

నిషికసాయి రవి

పేరు మార్చిన రోజునే మొదలైంది, ఒప్పుకుంటున్నా. కానీ సౌండు పెంచుకోమని సువాన్ నుంచి మీరూ, జపనీస్ మధ్యలో ఉన్నా ఏ పేరూ దాచుకోనక్కర్లేని నేనూ ఆయనకి చెప్పలేం. మ్యాచ్ మర్నాడు గ్రౌండుకి వెళ్లాల్సింది ఆ పిల్లవాడు. నా బాధ అంతే.

పద్మజ_అనువాదం

హరిమోతో ఇసావో గుర్తున్నారా? జపాన్ లీగులో 3,085 హిట్లు, ఇప్పటికీ అక్కడ రికార్డు. ఆయన కొరియన్ పేరు చాంగ్ హూన్. రెండు పేర్లతోనూ బతికారు.

డాలస్ మూర్తి

ఇదంతా చదివాక కూడా నా ప్రశ్న నాకు అలాగే ఉంది. నా పక్క సీటులో ఒక కొరియన్ పెద్దాయన, మా నాన్న వయసు. ఇచిరో కొట్టాక గొట్టాలు రెండూ గాలి తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, ఆ ఇన్నింగ్స్‌లో కొరియా బ్యాటింగ్ వంతు అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉందని అప్పటికి నాకు తెలీదు. ఆయనే చూపించాడు.

సువాన్ శ్రీను

మూర్తి గారూ, ఇక్కడ 16 ఏళ్లయినా అదే అడుగుతారు. మొన్న 17 పొద్దున అమ్మమ్మగారు మెట్ల దగ్గర ఆపారు. గెలవలేదు, ఓడలేదు అన్నాను. కాసేపు ఆలోచించి, మళ్లీ ఎప్పుడు అని అడిగారు. క్లాసిక్‌లో, మార్చి 7, మళ్లీ టోక్యో డోమే అని చెప్పాను. తారీఖు కాగితం మీద రాసివ్వమన్నారు.

నిషికసాయి రవి

మార్చి 7 శనివారం. టీ వంతు మా ఇద్దరిదే. ప్రాక్టీసు సాయంత్రానికి అయిపోతుంది. మ్యాచ్ ఏడింటికి. మా ఇంటికి రమ్మని ఆయన్ని అడుగుతాను. వస్తారో రారో తెలీదు.