నాలుగు వేలు పోసి పెద్ద హోటల్లో మంచూరియా తినడం దండగా, కాదా?

బీచ్‌రోడ్డు బాబు:
మొన్న ఆదివారం మా ఆవిడ పుట్టినరోజని నలుగురం విశాఖ బీచ్ రోడ్డులో ఓ స్టార్ హోటల్ చైనీస్ రెస్టారెంట్‌కి వెళ్లాం. చికెన్ మంచూరియా, హక్కా నూడుల్స్, ఫ్రైడ్ రైస్, సూపులు, అంతే. బిల్లు నాలుగు వేలు దాటింది. రుచి అంటారా, మా ఎంవీపీ కాలనీలో సాయంత్రం పెట్టే ఫాస్ట్‌ఫుడ్ బండి కంటే ఓ మెట్టు కిందే. ఏసీకీ, టేబుల్ మీద తెల్లగుడ్డకీ కట్టిన డబ్బులని నా వాదన. కాదన్నవాళ్లు చెప్పండి.

హార్బర్ పిల్లి:
నూడుల్స్ సంగతిలో మీతో ఏకీభవిస్తాను గురూ. నూడుల్స్‌కి కావలసింది భగభగలాడే మంట, బాండీలోంచి ప్లేట్లోకి నిమిషంలో రావడం. బండివాడు మన కళ్లముందే ఎగరేసి ఇస్తాడు, హోటల్లో అది మూత కింద ఉడుకుతూ కిచెన్ నుంచి టేబుల్‌దాకా ప్రయాణం చేస్తుంది. కానీ మీరు ఆర్డర్ చేసినవన్నీ బండి మీద దొరికేవే కదా! ఈసారి పండుగప్పనో చందువానో ముక్కలు చేయకుండా ఆవిరి మీద వండమనండి. దక్షిణ చైనావాళ్ల కాంటనీస్ పద్ధతి అది. అల్లం సన్నగా తరిగి, ఉల్లికాడలు వేసి, సోయా సాస్ పోసి, చివర్లో కాగిన నూనె పైన పోస్తే చుయ్‌మంటుంది. వెన్నుముల్లు దగ్గర మాంసం అప్పుడే ఉడికినట్టుండాలి, రెండు నిమిషాలు ఎక్కువైతే పీచుపీచే. మసాలా లేదు కాబట్టి చేప పాతదైతే మొదటి ముద్దలోనే దొరికిపోతుంది. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఉండి కార్న్‌ఫ్లోర్ ముద్దలకి నాలుగు వేలు పోయడమేంటి?

సిరిపురం పిన్ని:
అబ్బో, వచ్చారండీ రుచుల పండితులు. మా అత్తగారు కారం లేని చేప ముట్టరు, పిల్లలకి ముల్లంటే భయం. పుట్టినరోజు పూట అందరూ తినేది చెప్పుకుంటాం గానీ పరీక్ష రాయడానికి వెళ్తామా? అయినా మంచూరియా చైనాది కాకపోతే ఏమైంది? 1975లో ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో షెఫ్ నెల్సన్ వాంగ్ గారు కోడిముక్కలకి అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి పుట్టించారని అంటారు. మనవాళ్ల నాలుకకి తగ్గట్టు చేసిన వంట అది, దానికి పెద్ద హోటల్లో కూర్చునే అర్హత లేదా?

లెక్కల మాస్టారు:
రుచి మీరు తేల్చుకోండి, నేను బిల్లు చూస్తాను. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5%. రోజుకి 7,500 రూపాయలు దాటిన గది అద్దె ఉన్న హోటల్లో రెస్టారెంట్ అయితే 18%. బండికీ మీ హోటల్‌కీ తేడాలో కొంత అక్కడే పోయింది. ఇక సర్వీస్ ఛార్జి అని మరో గీత ఉందా? అది పన్ను కాదు, బలవంతంగా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి, మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

బీచ్‌రోడ్డు బాబు:
సర్వీస్ ఛార్జి ఉంది మాస్టారూ, కట్టేశాను, మా ఆవిడ ముందు గొడవెందుకని. పిల్లిగారూ, మీరు చెప్పిన చేప మెనూలో ఓ మూల ఉంది, ధర దగ్గర ‘మార్కెట్ రేటు’ అని రాసి! మధ్యతరగతివాడు ఆ మాట చూడగానే పేజీ తిప్పేస్తాడు. ‘ఏది బాగుంటుంది’ అని ఆ కుర్రాడిని అడిగితే, మంచూరియా ఫాస్ట్ మూవింగ్ సార్ అన్నాడు. తప్పు నాదంటారేంటి?

హార్బర్ పిల్లి:
అది వాళ్ల తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆర్డర్ ఇచ్చే ముందే చేప ఎంత బరువు, మొత్తం ఎంతవుతుంది అని అడగండి, వండకముందు తెచ్చి చూపించమనండి. మంచి చోట మొహం చిట్లించరు. చిట్లిస్తే లేచి మీ బండి దగ్గరికి వెళ్లిపోండి, నేనూ వస్తాను.

సిరిపురం పిన్ని:
వెళ్లేటప్పుడు చెప్పండి, మా అత్తగారికి ఓ మంచూరియా పార్సిల్ కట్టించండి. టేస్టింగ్ సాల్ట్ తక్కువేయమనండి.