ఫోను వెనక అతుక్కునే పవర్ బ్యాంక్: 5,000 ఎంఏహెచ్‌ (బ్యాటరీ కెపాసిటీ)ది తీసుకోవాల్నా, 10,000ది తీసుకోవాల్నా?

అన్నలూ, అక్కలూ, జర సలహా కావాలె. నాది నల్లగొండ. బత్తాయి తోటల పని మీద హాలియా, దేవరకొండ దిక్కు బండి మీద తిరుగుత. ఫొటోలు, మ్యాపులు, కాల్స్ అన్నీ ఐఫోన్ 13 మీదనే. పొద్దుమీకకముందే చార్జింగ్ ఖతం. వైరు పెట్టి జేబుల వేస్తే పిన్ను కాడ వంగుతుంది, అందుకే అయస్కాంతంతో అతుక్కునేది చూస్తున్న.

మామూలు మాగ్నెటిక్ వాటితోని ఐఫోన్‌కు 7.5 వాట్లే ఎక్కుతయి, చీ2 (Qi2, అయస్కాంతంతో చేసే వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణం) ముద్ర ఉన్నదైతే 15 వాట్ల దాకా. ధరల మస్తు తేడా ఉంది. వాడినోళ్లు చెప్పండి, ఆ తేడా రోజువారీల తెలుస్తదా?

అసలు గుబులు ఎండ గురించి. వైర్‌లెస్‌ల కొంత కరెంటు ఎట్లాగూ వేడి కిందనే పోతది. ఫోను బాగా కాలితే 80 శాతం కాడ ఆపేస్తది కూడా. మే నెలల, హ్యాండిల్ మీద మ్యాపు పెట్టుకొని పోతుంటే ఏమన్న ఎక్కుతదా, లేక ఫోను పొయ్యి మీది పెనమైతదా?

10,000ది చొక్కా జేబును కిందికి గుంజుతదేమో. 5,000ది తేలిక, కానీ రాసినంత మొత్తం ఫోనుకు రాదాయె. మా ఇంటామె ఫోనుకు వైర్‌లెస్ లేదు కాబట్టి టైప్-సి పోర్టు తప్పనిసరి. బీఐఎస్ (సర్కారు నాణ్యత సంస్థ) ముద్ర లేనిది వద్దు. బడ్జెట్ 2,500 లోపు.

ఇంకొకటి, నాది మందం సిలికాన్ కవరు. దాని మీదనే పట్టుకుంటదా, మాగ్నెట్ ఉన్న కవరు కొనాల్నా?