అచ్చు పుస్తకమా, ఈబుక్కా: సరదాగా చదువుకునేవాళ్లకి ఏది మేలు?

తీరికపాఠకుడు:
పరీక్షల కోసమో ఉద్యోగం కోసమో కాదు, రాత్రి పడుకోబోయే ముందు ఓ గంట నవలలు చదవడం నా అలవాటు. అల్మరా నిండిపోయి కొత్తవి మంచం కింద అట్టపెట్టెల్లోకి చేరుతున్నాయి. ఈబుక్కులు చదవడానికే చేసిన ఈ-రీడర్ పరికరం ఒకటి కొని ఇకపై అన్నీ అందులోనే చదవాలా, ఇలాగే పుస్తకాలు కొంటూ పోవాలా? రెండూ వాడినవాళ్లు చెప్పండి.

రాత్రిదీపం:
కళ్లు మూసుకుని ఈ-రీడర్ కొనండి. మా అమ్మకి చూపు తగ్గాక ఆరేళ్లపాటు నవల జోలికే పోలేదు. రీడర్‌లో అక్షరాలు పెద్దవి చేసి చేతికిచ్చాను, పేజీకి పది లైన్లే పడతాయి, అయినా ఇప్పుడు వారానికో పుస్తకం పూర్తి చేస్తోంది. ఫోన్‌లో చదవడం వేరు, ఇది వేరు. ఈ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రేణువులు పైకీ కిందికీ జరిగి అక్షరం ఏర్పడుతుంది, గదిలో వెలుతురు పడితే కాగితంలాగే కనబడుతుంది, పేజీ మారినప్పుడే తెరకి కరెంటు కావాలి కాబట్టి ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది.

తెర మీద చదివితే బుర్రకెక్కదు అనేవాళ్లకి ఒక మాట. 2018లో 54 అధ్యయనాలని కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. అందులో కాగితానిదే పైచేయి అని తేలిన మాట నిజమే కానీ, ఆ తేడా కనబడింది సమాచారం కోసం చదివేవాటి దగ్గర. కేవలం కథలే చదివించిన చోట తేడా లేదు.

అట్టపుస్తకం:
రాత్రిదీపం గారూ, అమ్మగారి విషయంలో మీ మాటకి తిరుగులేదు. కానీ కథల దగ్గర అసలు తేడాయే లేదంటే ఒప్పుకోను. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 28 పేజీల కథని కొందరికి పుస్తకంగా, కొందరికి అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్‌లో ఇచ్చారు. చాలా ప్రశ్నల్లో ఇద్దరూ సమానమే, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న దగ్గర మాత్రం పుస్తకం చదివినవాళ్లే మెరుగ్గా చెప్పారు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు. మూడు తరాల నవలలో ఒక మేనత్త ఎవరో మర్చిపోయామనుకోండి, ఆవిడ మొదట కనబడింది పావు వంతు దగ్గర, ఎడమ పేజీలో అడుగున అని చేతికే తెలుస్తుంది, బొటనవేలు పెట్టి తెరిస్తే నాలుగైదు పేజీల తేడాలో దొరుకుతుంది. రీడర్‌లో పేరు కొట్టి వెతికితే ఆ పేరున్న చోట్లన్నీ చాంతాడంత లిస్టుగా వస్తాయి.

అసలు బాధ ఇంకోటి. డబ్బు పెట్టి కొన్నది మనదేనా? అమ్మే హక్కు లేనివాళ్లు అమ్మకానికి పెట్టారని 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని పాఠకుల కిండిల్‌లలోంచి వాళ్లకి చెప్పకుండానే తీసేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ స్టోర్ మూసేస్తే అక్కడ కొన్నవన్నీ పోయాయి. రెండుసార్లూ డబ్బు వెనక్కిచ్చారు, సరే, సగం చదివిన పుస్తకం సంగతేమిటి? మా తాతయ్య నవల ఒకటి నా దగ్గర ఉంది. చదవడం పూర్తయిన తేదీని వెనక అట్ట లోపల పెన్సిల్‌తో మూడుసార్లు వేసుకున్నారు, మూడోసారికి అంకెలు వణికాయి. దాని కింద నా తేదీ వేశాను. ఇది ఏ ఫైల్‌లో దొరుకుతుంది చెప్పండి.

రాత్రిదీపం:
అన్ని ఈబుక్కులకీ తాళం ఉండదండీ. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈబుక్కుల భాండాగారం 1971లో మొదలైంది, అమెరికాలో కాపీరైట్ తీరిన పుస్తకాలు అక్కడ ఉచితం. కొనేవాటిలో కూడా డీఆర్ఎం (కాపీ చేసుకోనివ్వని డిజిటల్ తాళం) లేని ఈపబ్ రకం ఫైల్ చూసి కొని, కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంచుకుంటే ఎవరూ వచ్చి తుడవలేరు. పైగా కాగితం మాత్రం శాశ్వతమా? చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, దానివల్లే పసుపెక్కి పెళుసుబారుతుంది. పత్రికల్లోంచి చింపి కుట్టించుకున్న సీరియల్ బైండు మా ఇంట్లో ఉంది, ఇప్పుడు తెరిస్తే అంచులు పొడిపొడిగా ఒళ్లో రాలుతున్నాయి.

అట్టపుస్తకం:
అది ఒప్పుకుంటాను. అందుకే బాగా నచ్చినవి మంచి కాగితం మీద వచ్చిన ప్రతి చూసి కొనమంటాను.

తీరికపాఠకుడు:
మీ ఇద్దరివీ చదివి రాత్రి పెట్టెలన్నీ బయటికి లాగాను. మొత్తం 63 ఉన్నాయి. మళ్లీ చదువుతాను అని గట్టిగా అనిపించినవి 11. అవి అల్మరాలోకి వెళ్తాయి, మిగతావి చదివేవాళ్లకి ఇచ్చేస్తాను. రీడర్ కొంటున్నాను, కొత్త నవల ఏదైనా ముందు అందులోనే, రెండోసారి చదవాలనిపిస్తే అప్పుడు అచ్చు ప్రతి. అట్టపుస్తకం గారూ, ఆ 11 పుస్తకాలకీ తేదీలు వేద్దామని కూర్చున్నాను, నాలుగింటికి మించి ఎప్పుడు చదివానో గుర్తు రాలేదు.