స్టీరింగు ఎడమకి వంకర, బండి మాత్రం తిన్నగానే పోతోంది, అలైన్‌మెంటు కాగితమంతా పచ్చే

నాగావళి_గట్టు, రాయగడ:
బండి 2016 స్విఫ్ట్ డీజిల్. కోరాపుట్ నుంచి సాలూరు దిగేటప్పుడు సుంకి ఘాటీలో ముందు ఎడమ చక్రం గోతిలో గట్టిగా పడింది. ఎడమ టై రాడ్ (స్టీరింగు కదలికని చక్రానికి అందించే కడ్డీ) చివరి ముక్క, అదే ఎండు, మార్పించి అలైన్‌మెంటు చేయించాను. కాగితం మీద ముందు చక్రాల టో (రెండూ లోపలికో బయటికో ఎంత తిరిగి చూస్తున్నాయో ఆ కొలత) మొత్తం పచ్చరంగులోనే, అంటే సరిగ్గానే ఉంది. తిన్నటి రోడ్డు మీద మాత్రం స్టీరింగు ఎడమకి సుమారు 15 డిగ్రీలు ఒరిగి ఉంటోంది. చెయ్యి సడలిస్తే ఏ పక్కకీ లాగట్లేదు. "స్టీరింగు చక్రం ఊడదీసి ఒక పన్ను జరిపి బిగించేస్తాం" అంటున్నారు షెడ్డువాళ్ళు. చేయించమంటారా?

జయపురం_ర్యాంపు:
వద్దు గురూ. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగు ఊడదీస్తే దాని వెనక చుట్టలా ఉండే స్పైరల్ కేబుల్ మధ్య స్థానం తప్పొచ్చు. అలాగే బిగిస్తే పూర్తిగా తిప్పినప్పుడు కేబుల్ తెగుతుంది, హారను పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. పైగా వంకర స్టీరింగు చక్రంలో లేదు, కింద రాడ్లలో ఉంది. పైన జరిపితే కంటికి తిన్నగా కనిపిస్తుంది గానీ ర్యాకు (స్టీరింగు తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ళ కడ్డీ) మధ్యలోకి రాదు. ఒక పక్కకి ఎక్కువ, ఇంకో పక్కకి తక్కువ తిరుగుతుంది.

జరిగింది ఇదయ్యుంటుంది: కొత్త ఎండుని పాతదానికంటే తక్కువ చుట్లు ఎక్కించారు, ఎడమ రాడ్డు పొడుగైంది. దాంతో టో పెరిగింది. దాన్ని సరిచెయ్యడానికి కుడి రాడ్డు పొట్టి చేశారు. రెండూ కలిపితే లెక్క సరిపోయింది, కాగితం పచ్చబడింది. కానీ స్టీరింగు మధ్యలో ఉన్నప్పుడు రెండు చక్రాలూ కుడికి చూస్తున్నాయి, అందుకే తిన్నగా పోవాలంటే నువ్వు ఎడమకి పట్టుకోవాల్సి వస్తోంది. స్టీరింగు కదలకుండా తిన్నగా పట్టి ఉంచే హోల్డరు పెట్టకుండా టో కడితే వచ్చే తంటా ఇదే.

సరిచెయ్యడం పెద్ద పని కాదు. ముందు కింద దూరి టై రాడ్లు యాక్సిల్‌కి వెనకున్నాయో ముందున్నాయో చూడు. వెనకుంటే ఎడమది పొట్టి చెయ్యాలి, కుడిది అంతే పొడుగు చెయ్యాలి. ముందుంటే తిరగేసి. మర అంతరం (ఒక చుట్టుకి రాడ్డు జరిగే దూరం) 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ (రాడ్డు చక్రాన్ని తిప్పే చెయ్యి) 130 మిల్లీమీటర్లు అనుకుంటే రాడ్డు ఒక చుట్టుకి చక్రం డిగ్రీలో మూడింట రెండొంతులు తిరుగుతుంది. చక్రం కొంచెం తిరగాలన్నా స్టీరింగు దానికి ఎన్నో రెట్లు తిరగాలి కాబట్టి, ఆ లెక్కన రెండు పక్కలా ఒక్కో చుట్టు తిప్పితే స్టీరింగు 10 డిగ్రీల పైచిలుకు జరుగుతుంది. నీ 15 డిగ్రీలకి ఒక్కో పక్క ఒకటింబావు, ఒకటిన్నర మధ్య. ముందు ఒక్క చుట్టే తిప్పి, బండి నడిపి చూసి, తర్వాత పావు పావు చుట్టు.

రెండు పక్కలా సమానంగా తిప్పడమే ఇక్కడ ముఖ్యం. ఒక్క పక్కే ఒక చుట్టు తిప్పావంటే 14 అంగుళాల రిమ్ము మీద టో 4 మిల్లీమీటర్ల దాకా మారిపోతుంది, టైరు అంచులు రంపంలా అరుగుతాయి.

పర్లాకిమిడి_పానా:
జయపురం గురువుగారు చెప్పింది నిజమే, కానీ పానా పట్టేముందు ఇంకొన్ని చూడాలి. గోతిలో పడిన బండి కదా.

నాలుగు టైర్ల గాలి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం, చల్లగా ఉన్నప్పుడు. తర్వాత ముందు చక్రం జాకీ మీద లేపి 9, 3 గంటల దగ్గర పట్టుకుని ఊపు. ఆడితే టై రాడ్. 12, 6 దగ్గర ఆడితే బాల్ జాయింటు లేదా బేరింగు. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వెనక రబ్బరు బుష్ చీలితే బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు ఒక పక్కకి జారుతుంది. ఆడే బండికి అలైన్‌మెంటు కట్టినా నిలవదు.

రెండోది, వెనక. స్విఫ్ట్‌కి వెనక టార్షన్ బీము (రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం), సర్దడానికి బోల్టులేమీ ఉండవు. బీము వంగితే వెనక చక్రాలు బండిని పక్కకి తోస్తాయి, స్టీరింగు వంకర అవుతుంది. ముందు రెండే కొలిచే చోట ఇది బయటపడదు. నాలుగు చక్రాల కాగితంలో థ్రస్ట్ కోణం, అంటే వెనక చక్రాలు బండిని ఎంత పక్కకి తోస్తున్నాయో, చూడు.

నాగావళి_గట్టు:
థ్రస్ట్ కోణం 0 డిగ్రీల 4 నిమిషాలు (నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు) ఉంది. చక్రాలు ఊపితే ఏమీ ఆడట్లేదు. రాడ్లు యాక్సిల్‌కి వెనకే ఉన్నాయి, ఎడమ పక్క చెక్‌నట్ (ఎండు కదలకుండా బిగించే నట్టు) బయట కుడికంటే 3 మరలు ఎక్కువ కనిపిస్తున్నాయి. విప్పేటప్పుడు ఏటి జాగ్రత్త?

జయపురం_ర్యాంపు:
కోణం అంత తక్కువైతే వెనక బీమ్ తప్పు కాదు. 3 మరలంటే నాలుగున్నర మిల్లీమీటర్లు, లెక్కకి దగ్గరగానే ఉంది. పాత ఎండు, కొత్త ఎండు పొడవు తేడా ఉండొచ్చు కాబట్టి మరల లెక్క ఆనవాలు మాత్రమే.

విప్పేముందు చెక్‌నట్, రాడ్డు, ఎండు మూడింటి మీదా తెల్ల పెయింటుతో ఒక గీత గీసుకో. చెక్‌నట్ వదులు చేసేటప్పుడు ఎండుని ఇంకో పానాతో పట్టుకోవాలి, లేకపోతే బాల్ జాయింటు పక్కకి తిరిగి దెబ్బ తింటుంది. తుప్పు పట్టి ఉంటే ముందురోజు నూనె పోసి వదిలెయ్. తిప్పాల్సింది లోపలి రాడ్డుని. దాని మీద రబ్బరు బూటు చివరి క్లిప్పు ముందు విప్పు, మర్చిపోకు. విప్పకుండా తిప్పితే బూటు మెలిపడి చీలుతుంది, వానాకాలం బురద ర్యాకులోకి పోతే ఖర్చు ఎన్నో రెట్లు. మరలు ఎండు లోపలికి పోతుంటే రాడ్డు పొట్టి అవుతున్నట్టు, బయటపడుతుంటే పొడుగవుతున్నట్టు. ఎడమా కుడీ ఏ వైపు తిప్పాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

పర్లాకిమిడి_పానా:
పరీక్ష ఘాటీలో చెయ్యకు, కింద సమంగా ఉన్న దారిలో చెయ్యి. మన రోడ్లు ఎడమ అంచుకి వాలి ఉంటాయి కాబట్టి స్టీరింగు ఒకటి రెండు డిగ్రీలు కుడికి పట్టాల్సి రావడం మామూలే, దాన్ని పోగొట్టాలని మళ్ళీ పానా పట్టకు. తిన్నగా అయ్యాక మిషను మీద టో ఒక్కటి కొలిపించు. హోల్డరు పెట్టారో లేదో పక్కనే నిలబడి చూడు, ఇంజను స్టార్టులో ఉండగా స్టీరింగు రెండు పక్కలకీ ఊపి మధ్యకి తెచ్చి పెట్టమను. ఎడమ, కుడి టోలు విడివిడిగా చూపించే కాగితం అడిగి తీసుకో, మొత్తం ఒక్కటే రాసిచ్చే కాగితంతో మళ్ళీ ఇదే గొడవ.