బాయిలర్ ప్రెషర్ నిలబడటం లేదు, ఏం చేయాలి?

లీడ్స్ నుంచి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, ఇంగ్లండ్‌కొచ్చి ఆరు వారాలైంది. అద్దె ఇంట్లో కాంబీ బాయిలర్ ఉంది, అంటే కొళాయికి వేడినీళ్లు, గదులకి వెచ్చదనం రెండూ ఇచ్చే గ్యాస్ బాయిలర్. ప్రెషర్ చూపించే దాని ముల్లు సున్నాకి పడిపోయి, గదుల్ని వేడిచేసే రేడియేటర్లు చల్లబడ్డాయి. వీడియో చూసి నీళ్లు ఎక్కించాను, రెండు రోజులకి మళ్లీ అదే కథ. ఇంట్లో ఏడు నెలల పాప ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఓనర్‌కి చెబితే నేనే చెడగొట్టానంటాడేమో. అన్నలూ, అక్కలూ, తెలిసినవాళ్లు చెప్పండి.

బర్మింగ్‌హామ్ నుంచి:
తమ్ముడూ, భయపడొద్దు. మాది చిత్తూరు పక్కన పల్లె, నాకూ మొదటి చలికాలంలోనే ఇది ఎదురైంది. మన ఊళ్లో మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయితే మోటారు వేసి నింపుకుంటాం, అది రోజూ ఉండేదే. హీటింగ్ నీళ్లు అట్లా కాదు, ఒకసారి నింపి మూసేసినవి. అవే బాయిలర్‌లో కాగి, రేడియేటర్లన్నీ తిరిగి, మళ్లీ బాయిలర్‌కే వస్తాయి. కొళాయిలో నువ్వు వాడే నీళ్లు వేరు. అందుకే ఎంత వాడినా ఈ నీళ్లు తగ్గకూడదు. ముల్లు మాటిమాటికీ పడుతోందంటే నీళ్లు ఎక్కడో బయటికి పోతున్నట్టే.

ముల్లు చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలత), వేడెక్కాక 2 దాకా ఉంటే బాగున్నట్టు. నీళ్లు ఎక్కించేటప్పుడు బాయిలర్ ఆపి, చల్లారాక, కింద అల్లిక గొట్టం దగ్గరున్న వాల్వులు మెల్లగా తిప్పు, 1.2 దగ్గర గట్టిగా మూసెయ్. అయితే రెండు రోజులకోసారి ఇట్లా నింపుతూ పోవద్దు. కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ లోపలికి వెళ్లి రేడియేటర్లు లోపల తుప్పు పడతాయి, తుప్పు పట్టకుండా కలిపిన మందు కూడా పలచబడిపోతుంది.

ఈ మధ్య రేడియేటర్లలో గాలి తీశావా? తీస్తే ఒకసారి పడటం సహజం. తీయకపోతే ప్రతి రేడియేటర్ వాల్వు కింద పొడి టిష్యూ పేపర్ చుట్టి పెట్టు, తడిసినా, అక్కడ పచ్చగానో ఎర్రగానో మరక కనిపించినా కారేది అక్కడే. తర్వాత బయటికెళ్లి బాయిలర్ వెనక గోడ చూడు. చిన్న రాగి గొట్టం ఒకటి కిందికి వంగి ఉంటుంది, వాన లేని రోజు దాని కింద ఒక గిన్నె పెట్టు. చేతులు మాత్రం పెట్టొద్దు, మరిగే నీళ్లు రావచ్చు. పక్కన ప్లాస్టిక్ గొట్టంలో చుక్కలు పడితే దిగులొద్దు, అది పొగలోని ఆవిరి నీరైనది. అన్నిటికంటే ముఖ్యం, హీటింగ్ వేసిన గంట తర్వాత ముల్లు ఎక్కడుందో చూసి రాయి.

లీడ్స్ నుంచి:
అన్నా, చూశాను. రేడియేటర్ల దగ్గర పొడిగానే ఉంది. హీటింగ్ వేస్తే ముల్లు 3 దాకా పోతోంది, గిన్నెలో నీళ్లు చేరాయి.

బర్మింగ్‌హామ్ నుంచి:
అయితే చాలావరకు ఎక్స్‌పాన్షన్ వెసెల్ తమ్ముడూ. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి గదా, ఆ పెరిగిన నీళ్లకి చోటివ్వడానికి బాయిలర్‌లో ఒక డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క సైకిల్ ట్యూబులో లాగా గాలి. ఆ గాలి దిగిపోతే నీళ్లకి చోటు లేక ప్రెషర్ 3 దాటి, సేఫ్టీ వాల్వు తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. చల్లారాక ముల్లు సున్నా. వచ్చే మనిషితో వెసెల్, వాల్వు రెండూ చూడమని చెప్పు. ఒకసారి తెరుచుకున్న వాల్వు మళ్లీ సరిగా మూసుకోకపోవచ్చు. మా ఇంటికి మొదట వచ్చినాయన వాల్వు ఒక్కటే మార్చి వెళ్లాడు, వారం తిరక్కుండానే మళ్లీ సున్నా. నువ్వు మాత్రం బాయిలర్ మూత విప్పొద్దు.

లెస్టర్ నుంచి:
నాన్నా, నేనూ తిరుపతి ఆడపిల్లనే. ఓనర్‌కి చెప్పడానికి మొహమాటం ఎందుకు? ఇంగ్లండ్‌లో అద్దె ఇంటి హీటింగ్, వేడినీళ్లు బాగు చేయించే బాధ్యత ఓనర్‌దే, 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ పెట్టు. ముల్లు ఫోటోలు, తేదీలు, పాప ఉన్న సంగతి అన్నీ రాయి. వచ్చినాయన గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉందని చూపేది) అడిగి చూడు, ఇక్కడ అడగడం తప్పు కాదు. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం ఉందో లేదో కూడా చూసుకో. గ్యాస్ వాసన వస్తే అది వేరే సంగతి, కిటికీలు తీసి, స్విచ్చులు ముట్టకుండా బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ 0800 111 999కి ఫోన్ చెయ్యి.

వాళ్లు వచ్చేదాకా మీ ముగ్గురూ ఒకే గదిలో పడుకోండి, చిన్న ఆయిల్ హీటర్ అడిగితే చాలామంది ఓనర్లు ఇస్తారు. ఈమెయిల్ ఇప్పుడే పెట్టు, రేపటిదాకా ఆగొద్దు. జవాబు రాకపోతే ఇక్కడ రాయి, ఏం రాయాలో కూర్చుని చూద్దాం.