సమస్య: ఏరు వెనుక కేగె నెండలోన

నిర్వాహకుడు:
ఇది ఆటవెలది చివరి పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఏరు వెనక్కి వెళ్లిందంటే పచ్చి అబద్ధంలా ఉంటుంది. పద్యం చదివాక ఔను కదా అనిపించాలి. ఆలంకారికులు విరోధాభాసం అన్నది దీన్నే. మునిశాపాలు, దేవుడి మహిమలు దయచేసి వద్దు. వాటితో ఏ సమస్యైనా తీరిపోతుంది, అందుకే రుచి ఉండదు.

యానాం సభ్యుడు:
ఎగువ ధార తగ్గి యిసుక మేటలు తేల
కడలి పొంగి వచ్చి గడప తట్ట
ఉప్పు నీటి పోటు కోర్వక తలవంచి
యేరు వెనుక కేగె నెండలోన

నిర్వాహకుడు:
గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్నవాళ్లకే తట్టే పూరణ. వేసవిలో పైనుంచి మంచినీరు తగ్గితే, పోటు వేళ ఉప్పునీరు నదిలోకి ఎదురెక్కుతుంది. అలా కారణాన్ని పద్యంలోనే చూపిస్తే కావ్యలింగం. ‘గడప తట్ట’ అనడంతో సముద్రం మనిషైపోయింది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పోటులో కత్తిపోటు కూడా వినిపించింది. కావాలని వేసిన శ్లేషో, కలిసొచ్చిందో మీరే చెప్పాలి.

ధవళేశ్వరం సభ్యుడు:
ధార తగ్గింది ఎండకేనా అండీ? 1852లో మా ఊళ్లో గోదావరి మీద ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడే నీళ్లు కాలవలకు మళ్లుతున్నాయి కదా.

నిర్వాహకుడు:
నిజమే. అదీ ఇరికిస్తే పద్యం ఇరిగేషన్ రిపోర్టు అయిపోతుంది.

రాజోలు సభ్యురాలు:
తాత కథల వేళ తలపుల పడవెక్కి
చిన్ననాటి రేవు చేరుకొనెను
పసితనంబు తగల పరుగిడి బతుకను
ఏరు వెనుక కేగె నెండలోన

నిర్వాహకుడు:
సినిమావాళ్ల ఫ్లాష్‌బ్యాక్‌ని ఆటవెలదిలోకి తెచ్చారు. తలపులు పడవ, చిన్నతనం రేవు, బతుకు ఏరు: ఒకే పోలికని అంగాలతో సహా నడిపారు కాబట్టి సావయవ రూపకం. మరి ఎండ సంగతేంటమ్మా? ఏ పనీ లేకుండా చివర వచ్చి కూర్చుంది. ఇచ్చిన పాదంలో ప్రతి మాటకీ పైన ఒక ఆధారం కావాలి. సగం పూరణలు తేలిపోయేది ఇక్కడే. ‘పరుగిడి’ కూడా యతి కోసం వచ్చిందే.

రాజోలు సభ్యురాలు:
మూడో పాదం ఇలా అయితే సరిపోతుందాండీ?
ముదిమి కాల్చు వేళ మురిపాల బతుకను

నిర్వాహకుడు:
ఆయ్, ఇప్పుడు ఎండంటే ముసలితనం. రూపకానికి ఉన్న వెలితి తీరింది. ‘మురిపాల’ కొంచెం తీపి ఎక్కువైంది గానీ, తాత కదా, పోనిద్దాం.

సఖినేటిపల్లి సభ్యుడు:
పంటు మీద నిలిచి పాపడు చూడగా
ముందు కురికె పడవ, మురిసె నతడు
కన్ను నమ్మి కేక గట్టిగా పెట్టెను
“ఏరు వెనుక కేగె నెండలోన!”

నిర్వాహకుడు:
నరసాపురం వైపు పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, కదిలినప్పుడు రెయిలింగ్ పట్టుకుని నీళ్లలోకి చూసే పిల్లలందరికీ ఈ భ్రమ కలిగేదే. భ్రాంతిమదాలంకారం. మిగతావాళ్లు ఏరుని కదిపితే మీరు చూసే కన్నుని మార్చారు. కథ రాసేవాళ్లు ఎవరి కంటితో చెప్పాలా అని తల పట్టుకునేది దీనికోసమే. ఇక్కడ సమస్య పాదం పిల్లాడి మాట, కాబట్టి అబద్ధమైనా కవి మీదకి రాదు. ‘మురిసె నతడు’ మాత్రం దండగ. ఆ చోట ఎండని తెచ్చి ఉంటే బాగుండేది.

సఖినేటిపల్లి సభ్యుడు:
పంటు మీద నీడెక్కడుందండీ, ఎండని మళ్లీ వేరే తేవడానికి!